చెడిన లాప్‌టాపునుండి మౌసు

మన డెల్టా రైతు పాత వస్తువును వ్యర్థముగా పాఱవేయుట అరుదు. విఱిగిన కాడిమ్రాను పాకకు గుంజయగును. చినిగిన గోనె దూడకు పఱుపగును. సంఘ కార్యాలయములోని యంత్రముల యెడల మాత్రము ఈ బుద్ధి మనకింకను అలవడలేదు. 2022 సంవత్సరము జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను. లెక్కలు యంత్రములలోనికి మారిన కొలది, చెడిన యంత్రములును బీరువాలపై చేరుచుండును. తెర పగిలిన లాప్‌టాపులో సయితము బాగుగనుండు భాగము లనేకములు. వ్రేలితో రాయు చిన్న పలక, అనగా టచ్‌ప్యాడు, అట్టిదొకటి. దానిని విడదీసి బల్లపైని కంప్యూటరునకు మౌసుగా తగిలించు విధమును సభ్యులకు తెలుపుచున్నాము.

లాప్‌టాపును విప్పిన వెంటనే ముందుగా బ్యాటరీని తీసివేయవలెను. అది ఉబ్బియున్నచో గ్రుచ్చుట, వంచుట ఎంతమాత్రమును కూడదు. లిథియము బ్యాటరీ అంటుకొన్నచో ఆర్పుట కష్టము. రెండవది, డిస్కును తీసి కార్యదర్శి స్వాధీనమున ఉంచవలెను. అందు సభ్యుల ఆధార్ సంఖ్యలు, భూముల వివరములు, బాకీలు ఉండవచ్చును. యంత్రము ప్రారంభము కాకపోయినను డిస్కులోని వ్రాతలు పోవు. ఈ సంగతి గమనింపక యంత్రమును అట్లే పాతసామాను వర్తకునకు తూకమునకు వేయుట, సంఘము దస్తావేజుల కట్టను బజారులో వదలి వచ్చుటయే యగును.

టచ్‌ప్యాడు పనిచేయు తీరు మనకు సులభముగనే బోధపడును. పైనున్న నున్నని పొర క్రింద సన్నని రాగి గీతలు, మన పొలమునందలి బోదెలవలె, అడ్డముగాను నిలువుగాను సాగియుండును. వ్రేలు సమీపించినప్పుడు ఆ చోట విద్యుదావేశము నిలుచు కొలత కొంచెము మాఱును. ఏ గీతల కూడలిలో మాఱెనో పలక వెనుకనున్న చిప్పు కనిపెట్టును. కావున దీనిలో తిరుగు భాగములు లేవు. ధాన్యపు దూగర చొచ్చి పట్టివేయుటకు సందులును లేవు. అయితే తడి వ్రేలితో ముట్టినచో సూచిక గంతులు వేయును. బందరు తీరమునను దివిసీమలోను ఉప్పుగాలి రాగిని తినివేయును గనుక, అతుకులపై వార్నీషు పూత వేయుట మంచిది.

పాత లాప్‌టాపులలో, ముఖ్యముగా 2010కి పూర్వపువానిలో, పెక్కింటి టచ్‌ప్యాడులు పీఎస్/2 అను పద్ధతిని మాటలాడును. 1987లో ఐబీఎం వారు తెచ్చిన గుండ్రని ఆఱు పుల్లల ప్లగ్గు పద్ధతి యిదే. దీనికి నాలుగు తీగలు చాలును: అయిదు వోల్టులు, గ్రౌండు, క్లాకు, డేటా. ప్లగ్గులో 1వ పుల్ల డేటా, 3వది గ్రౌండు, 4వది అయిదు వోల్టులు, 5వది క్లాకు. తక్కిన రెండును ఖాళీ. పాడైన పీఎస్/2 మౌసు తీగను వాడుకొనవచ్చును గాని తీగల రంగులను నమ్మరాదు. ఏ తీగ ఏ పుల్లకు పోవుచున్నదో మల్టీమీటరుతో చూడవలెను. పలక వెనుక చిన్న రాగి చుక్కలు అంకెలతో కనబడును. సినాప్టిక్సు వారి పాత పలకలలో అనేకములయందు టి22 అయిదు వోల్టులకు, టి23 గ్రౌండునకు, టి10 క్లాకునకు, టి11 డేటాకు చెందును. అన్నిటను ఇదే క్రమమని తలంపక, పలకపై విశాలముగా పఱచిన రాగి భాగమునకు గ్రౌండు చుక్క కలియుచున్నదో లేదో ముందు సరిచూడవలెను. అయిదు వోల్టులు తప్పుచోట తగిలినచో చిప్పు పోవును.

టంకము సన్ననిది కావలెను. చిలకలపూడి రోల్డుగోల్డు నగల పనివారి చేతివాటము నెఱిగిన మనకు, నాలుగు చుక్కలకు నాలుగు వెంట్రుకవంటి తీగలనతుకు నేర్పరులు దొరకకపోరు. కంప్యూటరు ఆగియున్నప్పుడే ప్లగ్గు పెట్టవలెను. పీఎస్/2 నడుచుచుండగా పెట్టదగినది కాదు. యూఎస్‌బీ రంధ్రము మాత్రమే యున్నచో, లోపల చిప్పు గల మార్పిడి పరికరము అవసరము. పాత మౌసులతో వచ్చిన చిన్న అడాప్టరు కేవలము తీగల మార్పే గనుక పనికిరాదు.

పలకపై ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ అను గుర్తులున్నచో అది ఐ2సీ జాతిది. క్రొత్త యంత్రములలో ఇదే హెచ్చు. సాధారణముగా 3.3 వోల్టులపై నడచు ఇట్టి పలకకు పై విధము సరిపడదు; నడుమ ఆర్డుయినోవంటి చిన్న యంత్రమును దుబాసీగా నిలుపవలెను. అది మన కార్యాలయపు పని కాదు. గుడివాడ దాపున గుడ్లవల్లేరు ఇంజనీరింగు కళాశాలలో చదువు మన గ్రామముల పిల్లలెవరైన పూనుకొన్నచో వారికి చక్కని అభ్యాసమగును.

ఇంత శ్రమ యేల, క్రొత్త మౌసు కొన్ని వందల రూపాయలకే వచ్చును గదా యని సభ్యులడుగవచ్చును. న్యాయమే. టచ్‌ప్యాడును కొని ఈ పనికి దిగుమని మేము చెప్పము. చెడిన యంత్రము చేతనుండి, ఎరువుల గిడ్డంగిలో మౌసు కదల్చుటకు జాగా లేని ఇఱుకు బల్లయో, మణికట్టు నొప్పిగల గుమాస్తాయో ఉన్నచోట ఇది నిజముగా ఉపకరించును. లాప్‌టాపు పైమూతనే పలకచుట్టు రంపముతో కోసినచో చట్రమును మీటలును కలిసియే వచ్చును. మీటలు పనిచేయకపోయినను పలకపై వ్రేలితో తట్టుటయే సాధారణముగా నొక్కుగా చెల్లును.

మిగిలిన భాగములలో చార్జరును, మెమరీ పలకను అదే రకపు మఱియొక యంత్రమునకు దాచుకొనవచ్చును. తక్కినది 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నిబంధనల ననుసరించి నమోదైన పునశ్శుద్ధిదారునకే అప్పగించి, రశీదు తీసికొని సంఘపు దస్త్రములో ఉంచవలెను.