కల్లుకుండలో కనబడని విషము

రాక్షసులు కచుని భస్మమును సురలో కలిపి యియ్యగా శుక్రాచార్యుడు తెలియక త్రావిన వృత్తాంతమును భారతమున మనమందరము వినియున్నాము. అంతటి జ్ఞానియే పాత్రలో నేమి కలిసినదో యెరుగలేకపోయెను. మన పాలమూరు, నల్లగొండ సీమల కల్లుదుకాణములను చూచినపుడెల్ల మా కీ కథయే జ్ఞప్తికి వచ్చుచుండును.

తాటిచెట్టుననో యీతచెట్టుననో గీసిన కల్లును గూర్చి మేమిచట వాదింపబోము. గీతవృత్తిని నమ్ముకొని బ్రతుకువారిని నిందించుటయు మా యుద్దేశము గాదు. చెట్లిచ్చునది కొంత, అమ్ముడుపోవునది యంతకంటె నధికము. ఆ కొరత తీర్చుటకై కొందరు నీరు పోసి, తీపికి శాకరిన్ వేసి, మత్తునకు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ అను మందులను కలుపుచున్నారు. ఇందు మొదటిది 1869 నుండి వైద్యులు నిద్రమందుగా వాడినది. తక్కిన రెండును ఆందోళన నణచుటకు వైద్యుడు కొలిచి యిచ్చు మందులు. కుండలో కలుపువానికి కొలత యెక్కడిది? కల్లుతో గూడినపుడివి ఊపిరిని మందగింపజేయును. మోతాదు మించిన నిద్రలోనే ప్రాణము పోవచ్చును.

ఇట్టి మోసము మన సీమకే పరిమితము గాదు. 2019లో అమెరికాలో గంజాయి తైలమును ఆవిరిగా పీల్చు గొట్టములవలన అనేకుల ఊపిరితిత్తులు చెడెను. దొంగవ్యాపారులు తైలము చిక్కగా కనబడుటకై కలిపిన విటమిన్ ఇ ఎసిటేటు అందులకు ముఖ్యకారణమని వైద్యులు కనుగొనిరి. 2020 ఫిబ్రవరి నాటికి రోగులు 2,807 మంది, మృతులు 68 మంది.

కల్తీ కల్లునందు మరియొక యురి గలదు. దానికి అలవాటుపడినవానికి అది హఠాత్తుగా దొరకకున్నను ఆపదయే. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీని గట్టిగా అరికట్టగా పాలమూరు, నిజామాబాదు జిల్లాలలో ననేకులు చేతులు వణకుచు, మూర్ఛలు వచ్చి, లేనివి కనబడి, ఆస్పత్రుల పాలైరి. 2023 ఏప్రిలులో మహబూబునగరము ప్రభుత్వాస్పత్రియందును ఇట్టివారు చేరిరి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు త్రావి పలువురు మరణించిరి.

మా వీథిలో నొక కూలివాని యిల్లాలు, దుకాణము మూతబడిన మూడవనాడు పెనిమిటి గోడతో మాటలాడుచుండగా గాలి సోకినదని తలచి మంత్రగానికై పరుగెత్తెను. ఇంతలో నాతనికి మూర్ఛ వచ్చెను. పాఠశాలనుండి వచ్చిన మావారు 108కి కబురు చేసి ఆస్పత్రికి చేర్చిరి. వైద్యులు మందిచ్చి, దానిని దినక్రమమున తగ్గించుచు, కొన్ని వారములకు మామూలు మనిషిని చేసిరి.

కావున కుటుంబినులారా! మానిపింపవలెనను పట్టుదలతో మనిషిని గదిలో పెట్టి గడియవేయకుడు. మొదట వైద్యునికి చూపుడు. వణకు, మూర్ఛ, మతిభ్రమ కనబడినను, పిలిచిన పలుకకున్నను క్షణమైన జాగు చేయరాదు. నాట్లు వేసి నడుము నొచ్చినదని త్రావు స్త్రీలకును ఇదియే మాట. పిల్లల నోట చుక్కయైన పోయకుడు. మత్తు మాన్పించుటకు సలహా కావలసినచో 14446 అను ప్రభుత్వపు ఫోను నంబరు గలదు.

శుక్రునికి మృతసంజీవని యుండెను. మనకు లేదు, మెలకువయొక్కటే కలదు.