రవ్వ మెరుపు, రశీదు లెక్క

1851లో లండన్ హైడ్ పార్కులో జరిగిన మహా ప్రదర్శనలో కోహినూరును చూడడానికి జనం బారులు తీరారు, చూసి పెదవి విరిచారు. పల్నాడులో ఒకప్పుడు కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలో పుట్టిందని చరిత్రకారుల్లో ఎక్కువమంది భావించే ఆ రాయి అప్పటికి 186 క్యారెట్ల బరువుంది. రంగుకు వంక పెట్టడానికి లేదు. అయినా చుట్టూ గ్యాసు దీపాలు వెలిగించి చూపించినా మామూలు గాజుముక్కలాగే ఉందని పత్రికలు రాశాయి. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ పట్టుబట్టి, మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ నుంచి సానపట్టేవాళ్లను పిలిపించి దాన్ని మళ్లీ కోయించాడు. 38 రోజుల పని తర్వాత మిగిలింది 105.6 క్యారెట్లు. బరువులో నలభై శాతానికి పైగా పొడైపోయింది. మొగలాయీల కొలువులో సానపట్టినవాళ్లు చేతగానివాళ్లేమీ కారు. రాయి విలువ బరువులో ఉందనుకున్నారు కాబట్టి బరువును కాపాడారు. లండన్ జనం మెరుపు అడిగారు కాబట్టి అక్కడ బరువును వదులుకున్నారు. ఇవాళ మనం ఉంగరం కొనేటప్పుడు కూడా ఈ రెండూ రెండు వైపులకు లాగుతూనే ఉంటాయి. అంగడిలో డబ్బు బరువుకూ, రంగు, స్వచ్ఛతల అక్షరాలకూ పోస్తాం. ఇంటికొచ్చాక చూసుకుని మురిసేది మాత్రం సాన కోణాన్ని. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం తెలిస్తే ధరను తూకం వేయడం సులువవుతుంది.

మెరుపు ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం. వజ్రం వక్రీభవన గుణకం 2.42. కాంతి లోపలికి వచ్చాక ఏదైనా పలకకు తగిలి బయటికి పోవాలంటే, ఆ పలకకు గీసిన లంబరేఖకు 24 డిగ్రీల పైచిలుకు లోపలే తగలాలి. అంతకన్నా ఏటవాలుగా తగిలిందా, ఒక్క కిరణం కూడా బయటికి పోకుండా అద్దంలోలా వెనక్కి తిరుగుతుంది. మామూలు గాజుకు ఈ హద్దు దాదాపు 42 డిగ్రీలు. అంటే గాజులో కాంతి పారిపోవడానికి దారి వెడల్పు, వజ్రంలో ఇరుకు. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే యువ ఇంజనీరు ఈ లెక్కను గుండ్రటి రాయికి అన్వయించి, అడుగుభాగం వాలు 40.75 డిగ్రీలు, పైభాగం వాలు 34.5 డిగ్రీలు ఉంటే మెరుపు బాగుంటుందని తేల్చాడు. నడినెత్తి నుంచి దిగిన కిరణం అప్పుడు అడుగున ఒక వైపు తగిలి, ఎదుటి వైపు తగిలి, తిరిగి పైనుంచే కంటికి వస్తుంది. అదే కోణంలో గాజును కోస్తే ఆ కిరణం అడుగునుంచి జారిపోతుంది. వజ్రాన్నే తప్పు కోణంలో కోసినా శిక్ష తప్పదు. అడుగు మరీ పల్చనైతే నడుము అంచు ప్రతిబింబించి మధ్యలో చేపకన్నులా బూడిదరంగు వలయం కనబడుతుంది. మరీ లోతైతే నడిమధ్య మేకు తలలా నల్లబడుతుంది. రంగు అన్నిటికన్నా పై మెట్టు ‘డి’ అయినా, మచ్చ ఒక్కటి లేకపోయినా ఆ నలుపు పోదు.

అన్నీ తెలిసిన సానవాడు లోతైన రాళ్లు ఎందుకు కోస్తాడు? కారణం ధరల పట్టిక. వజ్రం ధర బరువుతో పాటు నేరుగా పెరగదు. కొల్లూరు గని చూసివచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలోనే, బరువు రెట్టింపైతే ధర నాలుగు రెట్లవుతుందని లెక్క రాశాడు. 1978 నుంచి వ్యాపారులకు ఆధారంగా ఉంటున్న రాపపోర్ట్ పట్టిక ఆ పెరుగుదలను మెట్లు మెట్లుగా చూపిస్తుంది: 0.90 నుంచి 0.99 దాకా ఒక మెట్టు, 1.00 దగ్గర ఇంకో మెట్టు. లెక్క కోసం కింది మెట్టులో క్యారెట్ ధర 3 లక్షలు, పై మెట్టులో 3.75 లక్షలు అనుకుందాం. 0.96 క్యారెట్ల రాయి 2.88 లక్షలు, ఒక క్యారెట్ రాయి 3.75 లక్షలు. నాలుగు సెంట్లు, అంటే గ్రాములో వెయ్యింట ఎనిమిది వంతులు, దానికి 87 వేలు. ముడిరాయి ముందు కూర్చున్నవాడు సరైన కోణంలో కోస్తే 0.92 వస్తుందని, అడుగున కాస్త లావు వదిలితే 1.00 దాటుతుందని చూశాక ఏం చేస్తాడో చెప్పనక్కర్లేదు. తొలకరికి జొన్నగిరి, తుగ్గలి చేలల్లో దొరికిన రాయిని కొనే వ్యాపారి మనసులో నడిచేదీ ఈ లెక్కే: దీన్ని కోస్తే ఎంత మిగులుతుంది?

ఈ లావును కొనేవాళ్లు పట్టుకోవచ్చు, అదీ కాగితం మీదే. సర్టిఫికెట్‌లో బరువు పక్కన మిల్లీమీటర్ల కొలతలుంటాయి. ఒక గుండ్రటి రాయికి 6.42, 6.46, 3.98 అని ఉందనుకోండి. మొదటి రెండూ అడ్డుకొలతలు, మూడోది లోతు. సగటు అడ్డుకొలత 6.44తో లోతును భాగిస్తే దాదాపు 62 శాతం. మంచి నిష్పత్తి. ఇంకో రాయీ ఒక క్యారెట్టే, కానీ అడ్డుకొలత 6.20, లోతు 4.25. లోతు 68 శాతం దాటింది. వేలికి పెట్టుకుంటే పైనుంచి కనబడే వెడల్పు సరిగా కోసిన 0.90 క్యారెట్ల రాయితో సమానం. మిగతా పది సెంట్లు అడుగున, బంగారం చాటున ఉండిపోయాయి. వాటికి పై మెట్టు ధర కట్టాం, పైగా మెరుపు పోగొట్టుకున్నాం. అందుకే కౌంటర్ దగ్గర ఎన్ని క్యారెట్లని అడిగాక ఎన్ని మిల్లీమీటర్లని కూడా అడగాలి. గుండ్రటి రాయికి లోతు 60 నుంచి 62.5 శాతం, పైపలక వెడల్పు 54 నుంచి 58 శాతం, అడుగు వాలు 41 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటే ఆ రాయిని కళ్లతో చూడడానికి ఓపిక చేసుకోవచ్చు.

ఇక అక్షరాల సంగతి. మన ఊళ్లలో అమ్మేవాళ్లు ముందుగా చెప్పే మాట ‘ఈ-ఎఫ్ కలర్, వీవీఎస్ క్లారిటీ’. రంగుకు డి నుంచి జెడ్ దాకా, స్వచ్ఛతకు ఎఫ్ఎల్ నుంచి ఐ3 దాకా మెట్లు పెట్టి ఈ భాషను ప్రపంచమంతటా నడిపించింది అమెరికాలో 1931లో మొదలైన జీఐఏ సంస్థ. శాస్త్రంగా అది గట్టి పద్ధతే. అయితే ఆ తూకం ఎలా వేస్తారో గమనించాలి. రంగును రాయి బోర్లా పెట్టి, ప్రమాణ రాళ్ల పక్కన చూసి నిర్ణయిస్తారు. స్వచ్ఛతను పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద నిర్ణయిస్తారు. ఉంగరం పెట్టుకున్నాక ఈ రెండు పరిస్థితులూ ఉండవు. పసుపుపచ్చ బంగారంలో పొదిగిన రాయి ఆ పసుపును కొంత అడుగునుంచి తీసుకుని పైకి చూపిస్తుంది కాబట్టి, అక్కడ జి, హెచ్ రంగుల రాయి బదులు డి రంగుకు కట్టిన అదనపు డబ్బు బంగారంలోనే కలిసిపోతుంది. తెల్ల బంగారంలోనో ప్లాటినంలోనో అయితే ఆ ఖర్చుకు కాస్త అర్థముంది. వీవీఎస్ కింద ఉండే వీఎస్ మెట్టులోని మచ్చలు కూడా మామూలు కంటికి ఆనవు. మధ్యరాయి చుట్టూ పొదిగే ఒక సెంటు రవ్వల అడ్డుకొలత దాదాపు 1.3 మిల్లీమీటర్లు, వాటిలో వీవీఎస్‌కీ వీఎస్‌కీ తేడాను చూడగల కన్ను కొనేవాళ్లకు లేదు, వాటిని చూడబోయే చుట్టాలకూ లేదు. పాత రత్నశాస్త్రాలు బిందువు, రేఖ, కాకపాదం అంటూ లెక్కించిన దోషాలు కంటికి కనబడేవి. అక్కడిదాకా ఆ శాస్త్రకారులతో పేచీ లేదు. కనబడని దోషానికి డబ్బు కట్టడం ఈ కాలపు ముచ్చట. మన పెద్దవాళ్లు గొప్పగా చెప్పుకున్న ‘బ్లూజాగర్’ రాళ్ల కథ దీనికి తిరగబడిన రూపం. దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గని పేరు మీద వచ్చిన ఆ మాట నీలి ఛాయగల తెల్లరాళ్లకు వాడేవారు. ఆ ఛాయకు చాలావరకు కారణం అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలిగే గుణం, ఫ్లోరసెన్స్. ఒకప్పుడు ఎక్కువ ధర పలికించిన ఆ గుణం బలంగా ఉంటే ఇప్పుడు వ్యాపారులు ధర తగ్గిస్తారు. రాయిని మసకబార్చనంత వరకు ఇది కొనేవాళ్లకు లాభమే.

సర్టిఫికెట్‌లో సాన గ్రేడు కూడా ఉంటుంది కదా, ‘ఎక్సలెంట్’ చూసి కొంటే సరిపోదా అని అడగవచ్చు. చాలావరకు సరిపోతుంది, ఉన్నచోట. జీఐఏ ఆ గ్రేడును 2006లో మొదలుపెట్టింది, అదీ గుండ్రటి బ్రిలియంట్ రాళ్లకే. అండాకారం, చతురస్రం, పేర్ ఆకారాల రాళ్లకు ఇచ్చే కాగితంలో పాలిష్, సౌష్ఠవం ఉంటాయి గాని మొత్తం సాన గ్రేడు ఉండదు; ఆ రెండూ ఎక్సలెంట్ అయినా అండాకారం, పేర్ రాళ్ల నడుమ నల్లటి బో-టై ఆకారం పరుచుకుని ఉండవచ్చు. పొదిగేసిన ఉంగరానికి ఇచ్చే కాగితమైతే రవ్వలన్నిటికీ కలిపి బరువు, గ్రేడు చెబుతుంది. పొదిగిన రాయిని ఎవరూ విడిరాయంత కచ్చితంగా తూచలేరు. వెనక మూసేసిన క్లోజ్ సెట్టింగ్‌లో అడుగు అసలే కనబడదు. కాబట్టి కన్ను పని కన్ను చేయాలి. నగల అంగడి కప్పుకు బిగించిన చిన్న చిన్న దీపాలు ఏ రాయినైనా తళతళలాడిస్తాయి, జిర్కాన్‌ను కూడా. రాయిని ఆ దీపాల కింది నుంచి తీసి, గుమ్మం దగ్గర నీడవెలుతురులో నెమ్మదిగా వంచి చూడాలి. తెలుపు, నలుపు పలకలు చురుగ్గా స్థానాలు మారుతుంటే కోణాలు కుదిరాయి. మధ్యలో కదలని నలుపో, కిందున్న వేలి చర్మమో కనబడితే కాంతి జారిపోతోంది. చూసేముందు తుడిపించాలి కూడా. వజ్రానికి నూనె అంటే మహా ఇష్టం. దక్షిణాఫ్రికా గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీదుగా కంకరను నీళ్లతో పారించి, అంటుకున్న వజ్రాలను ఏరేవాళ్లు. అడుగున నూనెపొర పట్టిందంటే 24 డిగ్రీల హద్దు దాదాపు 37కు ఎక్కుతుంది, పారిపోయే దారి వెడల్పవుతుంది. పాత ఉంగరం మసకబారిందని కొందరు దిగులుపడతారు. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకోటి ఉంది: కంటికి కనబడకపోయినా పెద్ద అక్షరాలు రేపు అమ్మేటప్పుడు పనికొస్తాయి కదా అని. వజ్రం బంగారంలా అమ్ముడుపోదు. బంగారానికి రోజూ ఒక రేటుంది, కరిగిస్తే ఒక గ్రాము ఇంకో గ్రాముతో సమానం. ఏ రెండు వజ్రాలూ సమానం కావు. వ్యాపారి టోకున తెచ్చుకునే ధర కన్నా ఎక్కువిచ్చి మన దగ్గర కొనడు. 1970ల చివర మచ్చలేని డి రంగు రాళ్లను పెట్టుబడిగా ఎగబడి కొన్నారు. 1980 దాటగానే ఆ ధరలు కూలాయి. 1982లో ‘అట్లాంటిక్’ పత్రికలో ఎడ్వర్డ్ జే ఎప్‌స్టీన్ రాసిన దీర్ఘవ్యాసం, కొన్న వజ్రాన్ని తిరిగి అమ్మబోయినవాళ్ల పాట్ల గురించే. పెద్ద గ్రేడు పెద్ద ధరకు అమ్ముడుపోతుందన్నది నిజమే, కానీ దాన్ని కొన్నదీ పెద్ద ధరకే. కోత పెద్ద మొత్తం మీద పడుతుంది. ఉంగరాన్ని పొదుపు ఖాతాలో రాసుకోదలిస్తే అందులోని బంగారాన్ని మాత్రమే రాసుకోవడం మేలు.

ల్యాబ్ వజ్రాలు ఈ వాదనకు అనుకోని సాక్ష్యం తెచ్చాయి. 1954లో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో మొదలై, ఇప్పుడు సూరత్‌లో రియాక్టర్ల వరసల్లో తయారవుతున్న ఈ రాళ్లు కార్బనే, గుణకం అదే 2.42, కాఠిన్యం అదే. అంగట్లో వాడే ఉష్ణ పరీక్ష పెన్ను గనిరాయికీ దీనికీ తేడా చెప్పలేదు, స్పెక్ట్రోస్కోపు కావాలి. వాటిని నకిలీ అనడం శాస్త్రానికి కుదరదు. మోయిసనైట్ సంగతి వేరు, అది సిలికాన్ కార్బైడ్. భూతద్దంలో పక్కనుంచి చూస్తే అడుగు పలకల అంచులు జంటగా కనబడతాయి. ల్యాబ్ రాళ్లలో మంచి రంగు, మంచి స్వచ్ఛత మామూలైపోవడంతో, 2025లో జీఐఏ వాటికి ఆ పాత అక్షరాలు ఇవ్వడమే మానేసి రెండే తరగతులు పెట్టింది. వజ్రాల కంపెనీ డీ బీర్స్ 2018లో క్యారెట్ 800 డాలర్లకు ల్యాబ్ నగలు అమ్ముతూ మొదలుపెట్టిన లైట్‌బాక్స్ బ్రాండును 2025లో మూసేస్తున్నట్టు ప్రకటించింది, అప్పటికి ల్యాబ్ రాళ్ల ధరలు అంత పడిపోయాయి. గనిరాయి ధరలో అరుదుదనానికి కట్టేది ఎంతో, మెరుపుకు కట్టేది ఎంతో ఈ తేడాలో కనబడుతుంది. అరుదుదనం కావాలనుకునేవాళ్లు దానికి డబ్బు కట్టడంలో తప్పు లేదు. ల్యాబ్ రాయి కొనేవాళ్లు మాత్రం, రేపు దాని ధర ఇంకా తగ్గవచ్చని తెలిసి కొనాలి. పైగా అక్కడ కూడా కోణం చెడితే మెరుపు చెడుతుంది.

చివరగా రశీదు. హాల్‌మార్క్, దానిమీది ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ సంఖ్య బంగారం స్వచ్ఛతకే పూచీ. రాళ్ల గురించి అవి ఏమీ చెప్పవు. ఐదు క్యారెట్లు ఒక గ్రాము. 4.20 గ్రాముల ఉంగరంలో అర క్యారెట్ రవ్వలుంటే 0.10 గ్రాము తీసేసి 4.10 గ్రాములకే బంగారం రేటు, తరుగు పడాలి. లేకపోతే రాయిని ఒకసారి వజ్రంగా, ఇంకోసారి బంగారంగా కొన్నట్టు. బంగారం నికర బరువు, రాళ్ల క్యారెట్లు, క్యారెట్ ధర, మజూరీ, గనిరాయా ల్యాబ్‌రాయా అన్నది విడివిడి గడుల్లో రాయించుకోవాలి. పెద్ద రాయికి సర్టిఫికెట్ సంఖ్యను లేజర్‌తో నడుము మీద చెక్కుతారు. పొదిగాక ఆ చోటికి బంగారు కాలు అడ్డుపడవచ్చు కాబట్టి, రాయి విడిగా ఉన్నప్పుడే భూతద్దం అడిగి తీసుకుని ఆ అంకెలు చదివి కాగితంతో సరిచూసుకోవాలి.