నడుమునొప్పికి మంచము మందు కాదు

నాట్లు ముగిసిన దినములలో మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులలో నడుముపై చేయి మోపక గడప దాటువారు అరుదు. అప్పుల సంగతి, ఎరువుల సంగతి ముగిసిన పిదప మాట తప్పక నడుముమీదికి మరలును. “వంగితే లేవలేను, లేస్తే వంగలేనండీ” అని యొకరందురు. “పూసలు అరిగినాయట, ఇక బరువు ముట్టవద్దన్నారు” అని మరియొకరందురు. గత సంవత్సరము సభ్యుడొకడు ఈ నొప్పికి వెరచి రెండు నెలలు మంచము పట్టి, తుదకు తన మూడెకరములను కౌలుకిచ్చివేసెను. ఆతనికి నలువదియైదేండ్లయినను నిండలేదు. ఆతని నొప్పికంటె ఆ నిర్ణయమే మాకెక్కువ చింత కలిగించినది. మేము వైద్యులము కాకున్నను, వైద్యశాస్త్రము నేడు చెప్పుచున్న మాటలను తెలిసికొని వ్రాయుచున్నాము.

మూడు నెలలకు మించి నిలిచియుండు నడుమునొప్పిని దీర్ఘకాలపు నొప్పి యందురు. 2020వ సంవత్సరమున ప్రపంచమునందు 61 కోట్ల 90 లక్షల మందికి నడుమునొప్పి యుండెనని లెక్క కట్టిరి. దీర్ఘకాలము బాధపడువారిలో నూటికి తొంబదిమందికి ఎముక విరుగుటగాని, క్రిమి చేరుటగాని, కంతి లేచుటగాని కానరాదు. అట్లయిన “పూసలు అరిగినవి” అనుమాట యేమి? 2015లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, నడుమునొప్పి లేనివారు 3,110 మంది వెన్నుల చిత్రములను సమకూర్చి చూచిరి. పూసల నడుమనుండు మెత్తని బిళ్లలు అరిగిన చిహ్నములు ఇరువదియేండ్లవారిలో నూటికి 37 మందికిని, ఎనుబదియేండ్లవారిలో నూటికి 96 మందికిని కానవచ్చినవి. తల నెరసినవానిని రోగి యనము గదా! చిత్రములో కనిపించిన అరుగుదలయే నొప్పికి మూలమనుకొని నాగలి విడుచుట తొందరపాటు.

మంచము సంగతి చూతము. ఫిన్లాండు దేశపు హెల్సింకి నగరమున, క్రొత్తగా నడుము పట్టిన పురపాలకోద్యోగులను 186 మందిని మూడు తెగలుగా చేసి పరీక్షించి, ఫలితములను 1995లో ప్రకటించిరి. ఒక తెగవారిని రెండు దినములు పడుకొనుమనిరి. ఒక తెగవారికి నడుము వంచు వ్యాయామములు నేర్పిరి. మూడవ తెగవారిని ఓర్చుకొనగలిగినంతలో నిత్యకృత్యములు సాగించుకొనుమనిరి. అందరికంటె ముందు కోలుకొన్నవారు మూడవ తెగవారే. పడుకొన్నవారు అందరికంటె వెనుకబడిరి. రెండు దినములకే యిట్లయిన, రెండు నెలలు పడుకొన్నవాని మాటయేమి? వాడని కండరము చిక్కిపోవును. చిక్కిన కండరము చిన్న పనికే నొచ్చును. నొచ్చుటచే మనుజుడు మరల పడుకొనును.

ఇచట రైతు సోదరులు ఒక ప్రశ్న వేయక మానరు. “కుర్చీలలో కూర్చుండువారికి వ్యాయామము కావలెను గాని, తెల్లవారినది మొదలు మడిలోనుండు మాకెందుకు?” ప్రశ్న న్యాయమైనదే, మేమును చాలకాలము ఇట్లే తలచితిమి. కాని నాట్లువేయువారిని గట్టుమీద నిలిచి ఒక పూట చూడుడు. నడుము వంగినది వంగినట్లే యుండును. చేయి మాత్రమే యాడును. కలుపుతీతయందును ఇంతే. నడుమునకు అది కదలిక కాదు, బందిఖానా. ఒక దినము ఏబది బస్తాలు మోసి, పిదప పదిదినములు అరుగుమీద కూర్చుండుటయు వ్యాయామము కాదు. పొలముపనికి కొలత పైరు నిర్ణయించును. వ్యాయామమునకు మనము నిర్ణయించుకొందుము. నొచ్చిన నడుమునకు కావలసినది ఈ రెండవ కొలత.

కనుక మునుము చివరకు చేరినప్పుడెల్ల నిటారుగా నిలిచి, చేతులు నడుముపై నుంచి, నాలుగైదు మారులు వెనుకకు వంగవలెను. మునుము పెద్దదైనచో నడుమనే యొకమారు లేవవలెను. ఉదయము నాటినవారు మధ్యాహ్నము నారుకట్టలు అందించుటకు మారిన మరియు మేలు. ఈ వంగుడుపని యెక్కువగా స్త్రీలదే; ఇంటికి పోయి కల్లాపికిని, అంట్లకును మరల వంగువారును వారే. సభ్యత్వపు పుస్తకములో పేరు మగవానిదైనను, ఈ మాటలు ముందుగా ఇల్లాలికి చదివి వినిపింపవలెనని మా ప్రార్థన.

ఇక నడక. ఇటీవల నడుమునొప్పి తగ్గిన 701 మందితో ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్ష ఫలితములు 2024లో వెలువడినవి. క్రమముగా పెంచుకొను నడకను, నొప్పినిగూర్చిన బోధను పొందినవారికి నొప్పి తిరుగబెట్టుటకు మధ్యస్థపు లెక్కన 208 దినములు పట్టగా, తక్కినవారికి 112 దినములే పట్టెను. దీనికి కాలువగట్టు చాలును. మొదటి వారము పది నిమిషములు నడచి, వారమువారమును కొంచెము పెంచుకొనుచు అరగంటకు చేరి, వారమునకు అయిదు దినములు సాగింపవలెను. నెత్తిమీద గడ్డిమోపుతో నడచిన నడక ఈ లెక్కలోనికి రాదు.

ఇంటియొద్ద చాపపై వెల్లకిల పండుకొని, మోకాళ్లు మడచి, పాదములు నేలకానించి, పిరుదులను మెల్లగా పైకెత్తి అయిదు లెక్కించువరకు నిలిపి దింపవలెను. పది మారులు చాలును. ఒక్కొక్క మోకాలిని రొమ్మునకు తీసికొనుట మరియొకటి. ఈ వ్యాయామమే గొప్పదని ఒకదానికి పట్టము కట్టనక్కరలేదు. మానక చేయగలిగినదానినే యెన్నుకొనుడు. ఆరంభమున కొంత నొప్పి పెరుగును. అది మరునాటికి సర్దుకొనిన భయములేదు. సర్దుకొననిచో కొలత తగ్గింపుడు గాని మానకుడు.

నడుముపట్టీలను దీర్ఘకాలపు నొప్పికి వాడుక చేయవలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పినది. మేము సైతము ఒక యేడాది పట్టీ బిగించి తిరిగినవారమే. చొక్కా చినుగుట తప్ప మేలు కనబడలేదు.

కాని కొన్ని చిహ్నములున్నచో ఈ వ్యాసమును ప్రక్కనబెట్టి వెంటనే ఆసుపత్రికి పోవలెను: మూత్రము బిగియుట, మలమూత్రములు తెలియక పోవుట, తొడలనడుమ స్పర్శ తెలియకుండుట, కాలు పట్టుదప్పుట. ఎత్తునుండి పడిన పిదప వచ్చిన నొప్పి, జ్వరముతోగాని శరీరము చిక్కుటతోగాని కూడిన నొప్పియు ఉపేక్షింపరానివే. క్షయ వెన్నునకును పట్టును.

బరువులనుగూర్చి యొక్కమాట. ఒక మనుజుడు ఎత్తుటకు 55 కిలోలకు మించనీయరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసెను. మన వడ్లబస్తా 75 కిలోలు! గిడ్డంగికి రెండు చక్రముల తోపుడుబండి కొనుటనుగూర్చి వచ్చు పాలకవర్గ సమావేశమున ప్రస్తావింపనున్నాము. సభ్యులు తమ యభిప్రాయమును వ్రాసి పంపగోరుచున్నాము.

భూమిని కౌలుకిచ్చిన మిత్రుడు ఇప్పుడు ఉదయము కాలువగట్టున తూమువరకు పోయి వచ్చుచున్నాడు. మొదట వంతెనవరకే పోగలిగెడివాడు. కౌలు గడువు ఉగాదికి తీరును. మరల అరక కట్టునా యని అడిగితిమి, “చూద్దామండీ” యనెను.