కొడుక్కో నోటుపుస్తకం... లోకానికో షాంపేన్!

నలభై దాటిన వయసు. చేతిలో బంగారంలాంటి ఉద్యోగం. యజమాని స్వయానా తోడల్లుడు. ఇంట్లో నెలల పసివాడు. అలాంటి సమయంలో ఎవరైనా ఉద్యోగం వదిలేస్తారా? యోహాన్ జోసెఫ్ క్రూగ్ వదిలేశాడు!

షాంపేన్... రేసు గెలిచిన డ్రైవరు సీసా ఊపితే ఎగజిమ్మే నురగే మనకు గుర్తొస్తుంది. నిజానికది ఫ్రాన్సులోని ఓ ప్రాంతం పేరు. తమాషా ఏమిటంటే అక్కడి పేరుమోసిన కంపెనీల్లో క్రూగ్, బోలింజర్, మమ్, హైడ్‌సీక్, డాయిట్జ్... అన్నీ జర్మన్ ఇంటిపేర్లే. అందుకు కారణం వ్యాపారం. సరుకు తయారుచేయడం ఫ్రెంచివాళ్లకు తెలుసు. దాన్ని జర్మనీలో, రష్యాలో అమ్మాలంటే పరాయి భాషలూ, లెక్కాపత్రాలూ తెలిసినవాళ్లు కావాలి. అలా గుమాస్తాలుగా, సేల్స్‌మెన్‌గా వెళ్లిన జర్మన్ కుర్రాళ్లలో కొందరు అక్కడే యజమానులయ్యారు.

క్రూగ్ 1800లో మైంజ్ పట్టణంలో పుట్టాడు. రైన్ నది ఒడ్డునున్న ఆ ఊరు అప్పటికి ఫ్రెంచి పాలనలో ఉంది. తండ్రిది మాంసం వ్యాపారం. కొడుకు మాత్రం కత్తి పట్టలేదు, కలం పట్టాడు. 1834లో షాలోన్ పట్టణంలోని జాకెసాన్ కంపెనీలో చేరాడు. నెపోలియన్ చేతుల మీదుగా పతకం అందుకున్న కంపెనీ అది! లెక్కలు చూడటం, దేశదేశాలు తిరిగి ఆర్డర్లు తేవడం, సరుకు గురించి కొనేవాళ్లు ఏమనుకుంటున్నారో వినడం... అన్నీ అతని పనులే. 1841లో ఎమ్మా జోనేను పెళ్లాడాడు. ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరు యజమాని అడాల్ఫ్ జాకెసాన్ భార్య. అలా ఉద్యోగి కాస్తా చుట్టమయ్యాడు. మరుసటేడు కొడుకు పుట్టాడు. పేరు పాల్.

ఇక కాలుమీద కాలేసుకుని బతకొచ్చు కదా!

అక్కడే ఓ చిక్కుంది. షాంపేన్ ప్రాంతం ఉత్తరాన ఉంటుంది. చలి, మంచు, వేళకాని వేళ వానలు. ఒక ఏడు ద్రాక్ష అద్భుతంగా పండితే మరుసటేడు పుల్లగా, పలుచగా వస్తుంది. పంట ఎలా ఉంటే సరుకూ అలాగే. క్రూగ్‌కు ఇది మింగుడు పడలేదు. పైసలిచ్చి కొనేవాడికి ఏటా ఒకే రుచి ఎందుకు ఇవ్వకూడదు? నాణ్యత దగ్గర రాజీపడలేకే జాకెసాన్‌ను వదిలాడని క్రూగ్ సంస్థ చెప్పుకుంటుంది. చుట్టరికాన్ని పక్కనపెట్టి 1842లో బయటికొచ్చాడు. 1843లో రాన్స్ నగరంలో, ఇపోలిత్ ద వివెస్ అనే భాగస్వామితో సొంత కొట్టు తెరిచాడు.

అతని ఉపాయం వినడానికి తేలికే. ఒక్కో తోట నుంచి వచ్చిన వైన్‌ను విడిగా ఉంచాలి. మంచి ఏళ్లలో కొంత దాచిపెట్టాలి. ఏటా కొత్తదాన్నీ పాతదాన్నీ రుచి చూసి కలపాలి. పంట దెబ్బతిన్న ఏడాది లోటును పాత సరుకు పూడుస్తుంది. చెప్పినంత తేలిక కాదులెండి! దాచిన ప్రతి పీపా అమ్ముకోని డబ్బే. కలిపాక సీసాలో పోసి మళ్లీ పులియబెడితేనే బుడగలు పుడతాయి. లోపలి ఒత్తిడికి సీసాలు ఠప్పున పేలిపోవడం ఆ రోజుల్లో మామూలే. వ్యాపారుల గుండెలు కూడా వాటితోపాటే పగిలేవి. కొత్తగా కొట్టు పెట్టినవాడు ఇన్ని ఏళ్లు డబ్బును నేలమాళిగలో పాతిపెట్టడమంటే మాటలా?

1848లో క్రూగ్ ఓ నోటుపుస్తకం తీశాడు. ముదురు ఎరుపు అట్ట. తన పద్ధతులన్నీ అందులో రాసుకొచ్చాడు. ఎవరికోసం? ఆరేళ్ల పాల్ కోసం! మంచి వైన్ కావాలంటే మంచి ద్రాక్ష, మంచి నేల ఉండాల్సిందే అన్నాడు. నాసిరకం సరుకుతోనూ ఒక్కోసారి బాగానే వస్తుందిగానీ దాన్ని నమ్ముకోవద్దని హెచ్చరించాడు. కంపెనీ రెండు రకాలే చేయాలన్నాడు. ఒకటి ఏటా తయారయ్యేది, రెండోది ఆ ఏటి పంట తీరును చూపించేది. అక్షరాలు కూడబలుక్కునే వయసు పిల్లాడికి ఇదంతా ఏం అర్థమవుతుంది? తండ్రికి అప్పటికే నలభై ఎనిమిదేళ్లు. బహుశా ఆయన తొందర ఆయనది.

1866లో జోసెఫ్ కన్నుమూశాడు. ఇరవైనాలుగేళ్ల పాల్ పగ్గాలు అందుకున్నాడు. ఆ తర్వాత మనవడు జోసెఫ్ మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లకు బందీగా చిక్కితే, ఫిరంగి గుళ్లు పడుతున్న రాన్స్‌లోనే ఉండి 1915 పంటను వైన్‌గా మార్చింది ఆయన భార్య జాన్. జర్మన్ గడ్డ నుంచి వచ్చిన కుటుంబానికి ఇదో విచిత్రమైన పరీక్ష!

1999లో క్రూగ్ సంస్థ ఎల్‌వీఎంహెచ్ గ్రూపు చేతికి వెళ్లింది. ఏటా చేసే రకాన్ని గ్రాండ్ క్యూవే అంటారు. పదికి పైగా ఏళ్ల పంటల నుంచి తీసిన వందకు పైగా వైన్లను కలిపి, ఆపైన ఏడేళ్లదాకా నేలమాళిగలో ఉంచుతారు. 2016 నుంచి దాని సీసాల మీద ఎడిషన్ సంఖ్య వేస్తున్నారు. మొదట కనిపించిన సంఖ్య 163. లెక్క మొదలెట్టింది మైంజ్ కుర్రాడు కలిపిన తొలి షాంపేన్ నుంచి.