మీకు తెలుసా? సగం కొండ ఊరి డాక్టరు

నగరిలో పొద్దున్నే అరక్కోణం పక్కకు పోయే రైలెక్కండి. పెట్టెలో ఎవరో ఒకరి ఒళ్లో పెద్ద ఎక్స్‌రే కవరు కనబడుతుంది. ఏకాంబరకుప్పంలో ఎక్కిన మరమగ్గాల కార్మికుడు కావచ్చు, పుత్తూరు నుంచి కొడుకుతో వస్తున్న ముసలమ్మ కావచ్చు. పెద్ద జబ్బంటే మనకు మద్రాసే. చెన్నై అని పేరు మారి ఇన్నేళ్లయినా, ఆస్పత్రి మాట వచ్చేసరికి ‘మద్రాసుకు తీసుకుపోండి’ అనే అంటాం. అక్కడ మనవాళ్లు అడ్రసు అడుక్కుంటూ పోయే ఆస్పత్రుల్లో గ్రీమ్స్ రోడ్డు దగ్గరి అపోలో ఒకటి. దాన్ని కట్టిన మనిషి మన చిత్తూరు జిల్లా పల్లెటూరి బిడ్డేనని ఆ పెట్టెలో ఎంతమందికి తెలుసు?

ఆయన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి. 1933లో తవణంపల్లె మండలం అరగొండలో పుట్టారు.

ఆ ఊరి పేరుకు ఒక కథ ఉంది. అరగొండ అంటే అర కొండ, సగం కొండ. లక్ష్మణుడు మూర్ఛపోయినప్పుడు హనుమంతుడు సంజీవని పర్వతాన్నే పెకలించి మోసుకుపోతుంటే, అందులో సగం ముక్క ఇక్కడ రాలిపడిందని ఆ పక్క తరతరాలుగా చెప్పుకుంటారు. గుట్ట మీద అర్ధగిరి వీరాంజనేయస్వామి గుడి, దాని దగ్గరే సంజీవరాయ పుష్కరిణి. ఆ నీళ్లు మూలికల వేళ్లను తడుపుకుంటూ వస్తాయని, తాగితే రోగాలు పోతాయని జనం నమ్మకం. పౌర్ణమి రోజున జనం కిటకిటలాడతారు. తిరిగి పోయేటప్పుడు ప్రతి చేతిలో ఒక నీళ్ల సీసా. మందు కోసం మనుషులు వెతుక్కుంటూ వచ్చే ఊళ్లో ఒక డాక్టరు పుట్టడం నాకు భలే నచ్చుతుంది.

ఆయన్ను ఇండియాకు రప్పించింది ఒక ఉత్తరం. మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి, ఇంగ్లండు పోయి, ఆ తరువాత అమెరికాలో గుండె వైద్యుడిగా స్థిరపడ్డారు. అక్కడ చేసే పని మన మనుషులకూ చేస్తే బాగుంటుంది కదా అన్న అర్థంలో తండ్రి రాసిన జాబు అందింది. 1970ల మొదట్లో కుటుంబంతో మద్రాసు వచ్చేశారు.

కానీ అపోలో పుట్టింది ఆ ఉత్తరం వల్ల కాదు, ఒక చావు వల్ల. 1979లో ఆయన దగ్గరికి 38 ఏళ్ల మనిషి వచ్చాడు. గుండె ఆపరేషన్ చేయాలి. అప్పట్లో అలాంటి కేసులను అమెరికాలోని హ్యూస్టన్‌కు పంపేవారు. అందుకు 50 వేల డాలర్లు కావాలి. ఆ మనిషి అంత డబ్బు కూడబెట్టలేకపోయాడు, చనిపోయాడు. వెనక భార్య, చిన్న పిల్లలు మిగిలారు. ఎవరిని పంపాలి, ఎక్కడికి పంపాలి అన్న లెక్క ఆ రోజుతో మారిపోయిందని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు. రోగిని హ్యూస్టన్‌కు పంపడం కాదు, హ్యూస్టన్‌లో దొరికే వైద్యాన్నే ఇక్కడికి తేవాలి.

అనుకున్నంత తేలిక కాలేదు. ప్రైవేటు ఆస్పత్రి కట్టడానికి బ్యాంకులు అప్పులిచ్చే పద్ధతే అప్పట్లో లేదు. విదేశాల నుంచి తెచ్చే వైద్య పరికరాల మీద సుంకం మోయలేనంత. అనుమతుల కోసం ఢిల్లీకి తిరిగీ తిరిగీ ఒక్కో నిబంధననూ సడలించుకున్నారు. 1983 సెప్టెంబరు 18న అప్పటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ 150 పడకల ఆస్పత్రిని ప్రారంభించారు. డాక్టరుగారికి అప్పటికి యాభై ఏళ్లు. చాలామంది ఉద్యోగ విరమణ లెక్కలు వేసుకునే వయసు అది. 1991లో పద్మభూషణ్, 2010లో పద్మవిభూషణ్ వచ్చాయి. ఆయన నలుగురు కూతుళ్లూ ఆ సంస్థ బాధ్యతల్లోనే ఉన్నారు.

కార్పొరేట్ ఆస్పత్రి అన్నది ఈ దేశంలో ఆయనతోనే మొదలైంది. ఆ మాట వింటేనే బిల్లు తలుచుకుని గుండె గుభేలుమనే కుటుంబాలు మన మధ్య చాలా ఉన్నాయి. అది కాదనలేం. అందుకే నా కంటికి గ్రీమ్స్ రోడ్డు భవనం కంటే, సొంత ఊళ్లో ఆయన కట్టిన 50 పడకల ఆస్పత్రే పెద్దదిగా కనిపిస్తుంది.

2000 మార్చి 24. అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ హైటెక్ సిటీకి వచ్చిన రోజు. ఆ రోజు ఆయన చేతుల మీదుగా మొదలైనవాటిలో అరగొండ టెలిమెడిసిన్ కేంద్రం కూడా ఉందని మనలో చాలామందికి గుర్తులేదు. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంటేనే గొప్ప అయిన రోజులవి. పల్లెల్లో ఇంటర్నెట్ అన్న మాటే లేదు. ఇస్రో సాయంతో అరగొండ ఆస్పత్రిలో ఉపగ్రహ డిష్ పెట్టారు. రోగి ఇసీజీ, స్కాన్ చేసిన ఎక్స్‌రే ఇక్కడి నుంచి ఆకాశంలోకి పోయి, పట్నంలోని స్పెషలిస్టు ముందున్న తెర మీద దిగేవి. ఆయన అక్కడి నుంచే కెమెరాలో రోగిని చూసి, మాట్లాడి, ఇక్కడి డాక్టరుకు ఏం చేయాలో చెప్పేవారు. దేశంలో పల్లె స్థాయిలో ఇలాంటి ప్రయత్నాల్లో ఇది తొలినాటిది.

దీని విలువ తెలియాలంటే మందు చీటీ పట్టుకుని మద్రాసు పోయొచ్చిన మనిషిని అడగాలి. తెల్లవారుజామున లేవాలి, రైలెక్కాలి, చీటీ రాయించుకోవాలి, వరసలో కూర్చోవాలి. డాక్టరు చూసేది పది నిమిషాలు, రానూపోనూ ఒక రోజు కూలి పోయింది. తోడు వచ్చినవాడి కూలి కూడా. జబ్బు కన్నా ప్రయాణమే ఎక్కువ పిండేస్తుంది. అరగొండలో డిష్ పెట్టినవాళ్లు తగ్గించింది ఆ ప్రయాణాన్నే.

విదేశం నుంచి తిరిగొచ్చిన కథ అరగొండ ఒక్కదానిదే కాదు. అదే తవణంపల్లె మండలంలో దిగువమాఘం అని ఇంకో ఊరుంది. స్వాతంత్ర్య సమరయోధుడు, ఎన్.జి. రంగా అనుచరుడు పాటూరి రాజగోపాల నాయుడిది ఆ ఊరే. జనం ఆప్యాయంగా రాజన్న అని పిలుచుకున్న ఆయన 1977లో, 1980లో చిత్తూరు ఎంపీగా గెలిచారు. ఆయన అల్లుడు గల్లా రామచంద్ర నాయుడు పూతలపట్టు పక్కన పేటమిట్టలో పుట్టారు. రూర్కీలోనూ అమెరికాలోని మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలోనూ చదివి, అక్కడే ఇంజనీరుగా ఏళ్ల తరబడి పనిచేసి, ఆయన కూడా తిరిగొచ్చేశారు. 1985లో పుట్టిన అమర రాజా కంపెనీకి తిరుపతి పక్కన కరకంబాడిని ఎంచుకున్నారు. పేరులో ఉన్నది రాజులెవరూ కాదు. అత్తగారు అమరావతమ్మ, మామగారు రాజగోపాల నాయుడు. కారులో, బైకులో మనం వాడే అమరాన్ బ్యాటరీ వీళ్లదే. వేరుశనగ, మామిడి తప్ప వేరే బతుకుతెరువు లేని పల్లెల పిల్లలకు ఫ్యాక్టరీ పని నేర్పించి తీసుకున్నారు. పేటమిట్టలోనూ విడిభాగాల తయారీ, నైపుణ్య శిక్షణ కేంద్రం పెట్టారు. రాజన్న పేరుతోనే ఒక ట్రస్టు నడుస్తోంది. నీటి సంరక్షణ, మొక్కల పెంపకం దాని పనులు. వాన తక్కువ పడే మన మెట్ట నేలలో చెక్‌డ్యామ్ వెనక నిలిచిన నీళ్లంటే ఏమిటో రైతులకు చెప్పాల్సిన పని లేదు.

మళ్లీ అరగొండకు వస్తే, 2013లో ప్రతాప్ రెడ్డి తవణంపల్లె మండలంలో ‘టోటల్ హెల్త్’ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఇది జబ్బు వచ్చాక చూసేది కాదు. ఊరూరా తిరిగి బీపీ, షుగరు ముందే పట్టుకోవడం, గర్భిణులకు పౌష్టికాహారం, మంచినీళ్లు, ఆడవాళ్లకు చేతిపనులు. పెద్దాస్పత్రి యజమాని రోగులు తన దగ్గరికి రాకుండా ఉండేందుకు ఖర్చుపెట్టడం గమనించదగ్గ సంగతి.

చివరగా ఒకటి. పట్నం డాక్టరును తెర మీద చూపించే పద్ధతిని తరువాత ప్రభుత్వమే దేశమంతటా తెచ్చింది. 2019 నవంబరులో దాన్ని ఆరోగ్య కేంద్రాల్లో అందరికంటే ముందు మొదలుపెట్టిన రాష్ట్రం మన ఆంధ్రప్రదేశ్. దాని పేరేమిటో తెలుసా? ఈ-సంజీవని. అరగొండను తలుచుకుని పెట్టిన పేరు కాదు, అయినా కొండ ముక్క రాలిన ఊరివాళ్లకు ఆ పేరు వింటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. డబ్బులు కట్టక్కర్లేదు. సెల్‌ఫోన్‌లోనూ డాక్టరుతో మాట్లాడొచ్చు. రేపు నగరి రైల్లో ఎవరైనా ఎక్స్‌రే కవరుతో మీ పక్కన కూర్చుంటే, పెద్ద ఆపరేషనుకు కాక పాత మందు చీటీ చూపించుకోవడానికే పోతున్నారేమో అడగండి. అవునంటే, ఈ-సంజీవని సంగతి చెప్పండి.