టూరు ప్లానులో వానకో రోజు!

రైలు టికెట్లు కన్ఫర్మ్ అయ్యాయి. గది బుక్కయింది. కారప్పూస, సున్నుండలు డబ్బాల్లోకి చేరాయి. తాతయ్య బీపీ మాత్రలు, పిల్లల స్వెట్టర్లు, ఫోను చార్జర్లు... అన్నీ సర్దేశారు. మొక్కలకు నీళ్లు పోయమని పక్కింటివాళ్లకు చెప్పేశారు. అంతా బాగానే ఉంది. ఇంతకీ, వెళ్లేచోట వాతావరణం ఎలా ఉంటుందో కనుక్కున్నారా?

చాలా ఇళ్లలో ఈ ప్రశ్న ప్రయాణానికి ముందురోజు రాత్రి, టీవీలో వార్తలు చూస్తున్నప్పుడు గానీ రాదు. అప్పటికి చేయగలిగిందేమీ ఉండదు. 'టికెట్లు కొనేశాం కదా, దేవుడిమీద భారం వేసి బయల్దేరదాం' అనుకుంటారు. వాన పడితే ఓ పూట గదిలో కూర్చోవచ్చు. కానీ 'ఎల్లుండి పొద్దున్నకల్లా ఇంట్లో ఉండాలి' అన్న తొందర ఆ వానకు తోడైతేనే చిక్కు. కూర్చోవాల్సిన పూట రోడ్డెక్కిస్తుంది అది. అందుకే ప్లానులో వాతావరణానికి రెండుసార్లు చోటివ్వాలి. నెల ఎంచుకునేటప్పుడు ఒకసారి, రోజులు లెక్కపెట్టుకునేటప్పుడు ఇంకోసారి.

ఊరి కన్నా ముందు నెల

మనం ముందు ఊరు అనుకుంటాం. తర్వాత పిల్లల సెలవులు చూసుకుని తేదీలు ఖాయం చేస్తాం. సెలవులు ఎలాగూ మన చేతిలో ఉండవు. కాబట్టి లెక్క తిరగేస్తే సరి. 'ఫలానా ఊరికి ఎప్పుడు వెళ్దాం' అనే బదులు 'ఈ నెలలో ఏ ఊరు బాగుంటుంది' అని అడగాలి.

మే నెలలో కుంటాల జలపాతానికి వెళ్తే చాలాసార్లు బండరాళ్లే స్వాగతం చెబుతాయి. అదే వానలు పడ్డాక చూస్తే కళ్లు తిప్పుకోలేం. జూన్ వచ్చిందంటే గోవాలో గదులు చవగ్గా దొరుకుతాయి. కానీ సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఈతకు దిగొద్దని ఎర్రజెండాలు పాతేస్తారు. సముద్రస్నానాల కోసమే వెళ్లే పిల్లలకు అది ఎంత నిరాశ! పచ్చదనం చూడాలనుకునేవారికి మాత్రం అదే మంచి కాలం. ఎందుకు వెళ్తున్నామో తేలితే ఎప్పుడు వెళ్లాలో తేలిపోతుంది.

కొండ మీద లెక్కే వేరు

వేసవి సెలవుల్లో మనవాళ్లు ఎక్కువగా బయల్దేరేది చార్‌ధామ్ యాత్రకు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన చిన్న లెక్క ఒకటుంది. కిలోమీటరు ఎత్తుకు వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కేదార్‌నాథ్ 3,500 మీటర్లకు పైన ఉంది. కింద రుషికేశ్‌లో 38 డిగ్రీల ఎండ మాడుస్తుంటే పైన పద్దెనిమిదికి దగ్గర్లో ఉంటుందన్నమాట. రాత్రయితే మే నెలలోనూ గడ్డకట్టే చలి. పలచటి శాలువాతో వచ్చిన అమ్మమ్మకు అదెంత కష్టమో చెప్పక్కర్లేదు.

చలికి స్వెట్టరుంది. వానకే జాగ్రత్త ఎక్కువ కావాలి. 2013లో రుతుపవనాలు మామూలు కన్నా చాలా ముందుగా, జూన్ 16కే దేశమంతా వ్యాపించాయి. ఆ రెండు రోజుల్లో కుండపోత వానలకు తోడు కేదార్‌నాథ్ పైనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగింది. వేలమంది ప్రాణాలు పోయాయి. తెలుగు యాత్రికులెందరో దారిలో చిక్కుకుపోయారు. ఎప్పుడూ జూన్ ఆఖర్లో గానీ రాని వానలు మధ్యలోనే వచ్చేశాయి. 'పోయినేడాది ఇదే తేదీకి వెళ్లాం, ఏమీ కాలేదు' అన్న మాట కొండల్లో చెల్లదని ఆ జూన్ చెప్పింది. చార్‌ధామ్‌కు ముందుగా పేరు నమోదు చేసుకోవడం ఇప్పుడు తప్పనిసరి. దాన్ని విసుగు పనిగా చూడొద్దు. ఎవరు ఏ దారిలో ఉన్నారో అధికారులకు తెలిసేది దానితోనే.

ఇక్కడ ఎండ... అక్కడ వరద

మనం వెళ్లే ఊరి వాతావరణం చూస్తే సరిపోతుందా? నది ఒడ్డుకైతే సరిపోదు. పాపికొండల దగ్గర చుక్క వాన లేకున్నా మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో కురిసిన వానలతో గోదావరి పోటెత్తుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల సంఖ్యలో చనిపోయారు. ఆరోజు నదిలో వరద ఉద్ధృతంగా ఉంది.

కాబట్టి జులై నుంచి సెప్టెంబరు దాకా పాపికొండలు అనుకుంటే భద్రాచలం దగ్గర నీటిమట్టం ఓసారి చూడండి. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 2022 జులైలో ఏకంగా 71 అడుగులు దాటింది. బోట్లు ఆపేశారంటే బతిమాలకండి. డబ్బులు ఎక్కువిస్తామని అసలే అనకండి!

కార్తీకంలో గొడుగు

వానాకాలం వెళ్లిపోయిందని మనం గొడుగులు అటకెక్కించే వేళకు తమిళనాడులో, మన నెల్లూరు, తిరుపతి ప్రాంతాల్లో వానలు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. తుఫాన్లూ అప్పుడే. మన కార్తీకమాసం సరిగ్గా ఆ మధ్యలోనే పడుతుంది.

2021 నవంబరులో భారీ వర్షాలకు తిరుమల ఘాట్ రోడ్లు, మెట్లదారులు మూసేయాల్సి వచ్చింది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఆ వానలకు అరుణాచలం కొండచరియలు విరిగి ఇళ్లమీద పడి ఏడుగురు చనిపోయారు. అలాగని కార్తీకంలో గుడికి వెళ్లడం మానేస్తామా? మానక్కర్లేదు. తుఫాను వస్తోందని నాలుగు రోజుల ముందే తెలుస్తుంది. ప్రయాణాన్ని వారం జరిపినా గిరి ప్రదక్షిణ పుణ్యమేమీ తగ్గదు.

సంక్రాంతి సెలవుల్లో కాశీ, ఢిల్లీ వెళ్లేవారికి పొగమంచుతో పేచీ. రైళ్లు, విమానాలు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. ఢిల్లీలో దిగిన రెండు గంటలకే ఇంకో రైలు పెట్టుకుంటే దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. మీరెక్కాల్సిన రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై ప్రయాణం మానుకుంటే టికెట్ డబ్బు పూర్తిగా వాపసు అడగొచ్చు. రైలు కదిలేలోపే టీడీఆర్ దాఖలు చేయాలి.

రంగులు చెప్పే కబురు

వాతావరణశాఖ జిల్లాల వారీగా నాలుగు రంగుల్లో హెచ్చరికలిస్తుంది. ఆకుపచ్చ ఉంటే భయం లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని. నారింజ అంటే సిద్ధంగా ఉండమని. ఎరుపు కనిపిస్తే ప్రయాణం వాయిదా వేయడమే మేలు. 'మౌసమ్' యాప్‌లో ఈ వివరాలుంటాయి. పిడుగుల గురించి చెప్పడానికి 'దామిని' ఉంది.

అయితే నెల ముందు ఫోనులో కనిపించే సూర్యుడి బొమ్మను నమ్మి టికెట్లు కొనకండి. అంత ముందుగా చూడాల్సింది ఆ నెలలో అక్కడ మామూలుగా ఎలా ఉంటుందన్నదే. రోజువారీ అంచనాల్లో మొదటి మూడు రోజులవి బాగా నమ్మొచ్చు. అయిదు రోజుల దాకా పర్వాలేదు. ఆపైన రోజులు పెరిగేకొద్దీ నమ్మకం తగ్గుతుంది. 'వానకు 40 శాతం అవకాశం' అంటే రోజులో 40 శాతం సేపు కురుస్తుందని కాదు. అలాంటి రోజులు పది వస్తే నాలుగింట్లో వాన పడుతుందని.

ఆ ఒక్కరోజూ...

ఇక రోజుల లెక్క. వారం టూరయితే ఆరు రోజులకే ప్లాను వేయండి. మిగిలిన రోజు వానకు వదిలేయండి. కొండదారి అయితే రెండు రోజులు వదిలినా తప్పులేదు. ముఖ్యమైన దర్శనాన్ని చివరిరోజుకు పెట్టుకోకండి. మొదట్లోనే ఉంటే ఒకరోజు అటూఇటూ అయినా దొరుకుతుంది. మధ్యాహ్నం తర్వాత కొండల్లో మబ్బులు కమ్ముతాయి కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరి, చీకటి పడకముందే గదికి చేరాలి. పెద్దవాళ్ల మందులు మూడు రోజులకు అదనంగా, ఒక జత పొడిబట్టలు ప్లాస్టిక్ కవరులో, ఇంకో రెండు రాత్రుల గది అద్దెకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకోవాలి.

వాన రాకపోతే? ఆ రోజు మిగిలినట్టే. పిల్లలతో బజారు తిరగొచ్చు, హాయిగా నిద్రపోవచ్చు. వాన వస్తే మాత్రం 'ఎలాగైనా వెళ్లిపోదాం పద' అని డ్రైవరును తొందరపెట్టే అవసరం రాదు. గది కిటికీ దగ్గర కూర్చుని వేడి టీ తాగుతూ, రోడ్డు తెరిచేదాకా ఆగొచ్చు. గది అద్దె ఓ రోజుది పోతే వచ్చే నెలలో సర్దుకుంటాం. దేవుడెక్కడికీ పోడు, కొండలూ అక్కడే ఉంటాయి. వెళ్లినవాళ్లంతా క్షేమంగా ఇల్లు చేరితేనే కదా, మళ్లీ ఇంకో టూరు గురించి మాట్లాడుకునేది!