వార్తల్లో పదం: ఆక్యుపేషనల్ మెడిసిన్ రెసిడెన్సీ

చేసే పని వల్ల, చుట్టూ ఉన్న గాలి, నీరు, రసాయనాల వల్ల వచ్చే జబ్బులను గుర్తించి, నివారించే వైద్యశాఖలో ఇచ్చే స్పెషలిస్టు శిక్షణ ఇది. పూర్తి పేరు ‘ఆక్యుపేషనల్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ మెడిసిన్ రెసిడెన్సీ’. అమెరికాలో ఈ శిక్షణకు నిధులిచ్చే ‘నియోష్’ సంస్థలో 2025 ఏప్రిల్‌లో భారీగా ఉద్యోగాల కోత పడటంతో ఈ మాట చర్చకొచ్చింది. అక్కడ మెడిసిన్ కాగానే నేరుగా ఇందులో చేరడం కుదరదు. ముందు కనీసం ఏడాది రోగులను చూసే శిక్షణ పూర్తిచేయాలి. ఆపై రెండేళ్లు ఇది. ప్రజారోగ్యంలో పీజీ చదువు సాధారణంగా ఇందులోనే కలిసి ఉంటుంది. ఫ్యామిలీ మెడిసిన్ వంటివి ముగించుకుని దరఖాస్తు చేసేవారూ ఉంటారు. మన ఎంబీబీఎస్ వాళ్లకైతే వీటన్నిటికన్నా ముందు, విదేశాల్లో మెడిసిన్ చదివినవారి అర్హతను ధ్రువీకరించే ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి.

ఊపిరితిత్తుల డాక్టర్ ఉండగా వేరే స్పెషలిస్టు ఎందుకన్న ప్రశ్న సహజమే. ఉదాహరణకు, కాలిఫోర్నియాలో వంటగది గట్టుకు వేసే కృత్రిమ రాతి పలకలు కోసే యువ కార్మికుల్లో సిలికోసిస్ (సిలికా ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) బయటపడింది. పాడైన ఊపిరితిత్తికి చికిత్స చేసేది ఊపిరితిత్తుల డాక్టర్. కోసేటప్పుడు నీళ్లు పోస్తున్నారా, ఏ మాస్కు ఇచ్చారు, పక్కన పనిచేసేవారికి ఆయాసం ఉందా అని ఆరా తీసి, ఇంకొకరికి జబ్బు రాకుండా చూసేది ఈ స్పెషలిస్టు. యాజమాన్యం జీతమిచ్చే డాక్టర్ కార్మికుడి తరఫున మాట్లాడగలడా అన్న సందేహాన్ని మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేం. ఈ డాక్టర్లలో కొందరు కంపెనీల్లో, మరికొందరు విశ్వవిద్యాలయ ఆస్పత్రుల్లో, ప్రభుత్వ సంస్థల్లో పనిచేస్తారు. మన దేశంలో ఫ్యాక్టరీ డాక్టర్లు ప్రధానంగా చేసేది ‘ఏఎఫ్‌ఐహెచ్’ కోర్సు. దాని వ్యవధి మూడు నెలలు.